ఆర్థర్ గారి హార్మోనియంలో జంతువులు

తొంభై రెండో సంవత్సరం మే నెల. సీతాఫల్‌మండి చర్చి హాలులో దేవకృప కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. మూలన దుప్పటి కప్పిన ఓడ దగ్గరికి వెళ్తుంది, దుప్పటి ఎత్తి ఏదో తీగ బిగిస్తుంది, మళ్ళీ గుమ్మంలోకి వచ్చి రోడ్డు వైపు చూస్తుంది.

బోయిగూడలో జాకెట్లు కుట్టి బతికే మనిషి ఆమె. పారేసిన వస్తువు కంటబడితే మాత్రం చేతులు ఊరుకోవు. చిరిగిన గొడుగు కాకి అవుతుంది, కొబ్బరిపీచు సింహం జూలు అవుతుంది. ఊరికే చూసి పోయే బొమ్మలు ఆమెకు గిట్టవు. ఎవరో ఒకరు వాటిని తిప్పాలి, నొక్కాలి, తొక్కాలి.

వేసవి బైబిలు బడి పిల్లల కోసం ఈసారి, జలప్రళయంలో జంతువుల్ని కాపాడిన నోవహు ఓడ తలపెట్టింది. చర్చి సామాన్ల గదిలో కాలితో తొక్కే పాత హార్మోనియం ఒకటి పడి ఉంటే పాస్టరు అయ్యగారిని అడిగింది. "తీసుకుపోమ్మా, ఉన్నా ఎలుకలకే కదా" అన్నాడాయన. నెల రోజులు దానితోనే గడిపింది. వేళ్ళతో వాయించే మెట్టు నొక్కితే లోపల తీగ లాగుతుంది, సైకిల్ చువ్వ లేస్తుంది, ఓడ కిటికీలోంచి ఓ జంతువు తల బయటికి వస్తుంది. పెడల్ తొక్కితే పైన రేకు డబ్బాలో గులకరాళ్ళు దొర్లి వాన మొదలవుతుంది.

చువ్వలిచ్చిన సైకిల్ షాపు బిక్షమే పొద్దున దాన్ని ట్రాలీలో తెచ్చి దించాడు.

"ఏందక్కా గిది? ఓడనా, బీరువానా?"

"నొక్కి చూడు."

నొక్కాడు. కోతి మొహం బయటికొచ్చింది. "అరే, మా బామ్మర్ది సుత ఉన్నడు ఇండ్ల!" అని నవ్వుకుంటూ పోయాడు.

ఆ సంతోషం గంట కూడా నిలవలేదు. సండే స్కూలు టీచరు కాంతమణి వచ్చి దుప్పటి ఎత్తి చూసి, నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"ఇది ఆర్థర్ గారి హార్మోనియం కదే! ఎమిలీ ఆంటీని అడిగావా?"

"అయ్యగారు ఇచ్చారు..."

"అయ్యగారు నిన్నగాక మొన్న వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఆర్థర్ గారు వాయించింది ఇది. ఆవిడ ఇవాళ పిల్లల్ని చూడ్డానికి వస్తోంది, తెలుసా?"

దేవకృప గబగబా దుప్పటి మళ్ళీ కప్పేసింది. భర్త పోయిన మనిషి, ఆయన వస్తువు ఇలా కోసి నీలం రంగు పూసి ఉంటే ఏమనుకుంటుంది? విప్పెయ్యమంటే విప్పెయ్యడమే. కానీ బయట అరవై మంది పిల్లలు వరసలో తోసుకుంటున్నారు.

దాచెయ్యాలా వద్దా అన్నది తేలేలోపే ఎమిలీ ఆంటీ లోపలికి వచ్చింది. దేవకృప "వందనాలండీ" అని దుప్పటి తీసింది. తరువాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు మెలిపెట్టింది.

ముసలావిడ చాలాసేపు చూసింది. వేలితో రంగు గీకింది. స్టూలు లాక్కుని కూర్చుని, వరసగా మెట్లు నొక్కింది. జిరాఫీ, కాకి, సింహం తలలు ఎత్తి దించాయి. మధ్యలో ఒక మెట్టు మాత్రం కదలలేదు.

"ఇక్కడ ఎవరున్నారు?"

"ఏనుగండీ. మొన్నటిదాకా బాగానే వచ్చిందండీ..."

"ఏనుగా! ఎవరన్నా ఈ మెట్టుకి ఏనుగును కడతారటే? ఇది మొదటినుంచీ మొరాయించేదే. ఆయన దీన్ని తప్పించి వాయించేవాడు. అది విని విని, ఇప్పటికీ మన సంఘంలో అందరూ పాట పల్లవి మధ్యలో ఓ గుక్క ఆగుతారు. బయటివాళ్ళు వచ్చి నవ్వుతుంటే చూళ్ళేదూ?"

ఆ గుక్క పాటలోదేనని దేవకృప ఇన్నేళ్ళూ అనుకుంది. తనూ అక్కడ ఆగే పాడుతుంది.

"మెట్టు బాగు చేస్తానండీ..."

"దాని జోలికి పోకు. ఏనుగును తీసి గాడిదను కట్టు. ఎప్పుడు రావాలో అదే చూసుకుంటుంది." మళ్ళీ రంగు వైపు చూసి మూతి విరిచింది. "ఈ నీలం మాత్రం నాకు నచ్చలేదు."

పక్క మెట్టుకున్న గాడిదను ఇటు మార్చడానికి దేవకృప వెనక పలక విప్పి, నేలమీద బోర్లా పడుకుని, తల లోపల పెట్టింది. తీగ చేతికి దొరికినట్టే దొరికి జారిపోతోంది. పైన ముసలావిడ పెడల్ తొక్కుతూ వాన కురిపిస్తోంది.

"త్వరగా కానీవే, పిల్లలు ఎండలో ఉన్నారు!"