గుర్రం కంట్లో పురుగు

ఉత్తరాదిన ఎక్కడో పశువైద్యురాలిగా చేరిన మా తమ్ముడి కూతురు మొన్న నా ఫోనుకొక వీడియో పంపింది. గుర్రం కంటి గుడ్డులో తెల్లటి నూలుపోగు లాంటి పురుగొకటి మెలికలు తిరుగుతూ ఈదుతోంది.

అది చూడగానే నేను కావలి పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా కొత్తగా చేరిన రోజులు గుర్తొచ్చాయి. అప్పటికింకా జట్కాలు తిరుగుతుండేవి. సముద్రపొడ్డు పల్లె నుంచి చేపల గంపలతో రోజూ బజారుకొచ్చే జట్కా ఒకటుండేది. భర్త బండి తోలేవాడు, భార్య చేపలమ్మేది. ఒక ఉదయం ఇద్దరూ గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చారు. దాని కన్నొకటి నీలంగా మసకబారి నీళ్లు కారుతోంది. ఎవరో చెప్పారని ఆకుపసరు పోశారట, ఇంకా వాచింది.

“కంట్లో దారం ఈదతా ఉండాది సార్. దీనికి కన్ను పోతే మాకు బండి లేదు,” అన్నాడతను.

అది ఆవులు, గేదెల కడుపులో ఉండే పురుగే. దాని పిల్ల దోమకాటు వల్ల గుర్రం ఒంట్లో చేరి, దారి తప్పి కంట్లోకొస్తుంది. సూదితో పొడిచి తీయాలని నేను చదివానే తప్ప ఎన్నడూ చేయలేదు; మా పెద్ద డాక్టరు గారేమో తన చేతులు వణుకుతున్నాయని పని నాకే వదిలారు.

గుర్రాన్ని ఇసుకలో పడుకోబెట్టి, కాళ్లు కట్టి, కంట్లో మత్తు చుక్కలు వేశాం. ఆమె దాని తలను ఒళ్లో పెట్టుకుంది. నల్లగుడ్డు అంచున పొడిచాను. కాస్త నీరు చిమ్మింది గానీ, పురుగు లోపలికి జారిపోయింది.

“వద్దులే సార్, ఉన్న చూపన్నా ఉండనీండి,” అన్నాడతను మొహం తిప్పుకుని.

“నువ్వూరుకో. ఇంకొక్కసారి చూడండి సార్, నేను కదలనీను,” అందామె.

కంట్లో నీరు మళ్లీ ఊరేదాకా ఆగాం. పురుగు తిరిగి పైకి తేలింది. ఈసారి పొడవగానే నీటితోపాటు బయటికొచ్చి ఆమె ముంజేతి మీద పడి మెలికలు తిరిగింది. ఆమె దాన్ని దులుపుకోలేదు, గుర్రం చెవిలో ఏదో చెబుతూనే ఉంది.

చూపు నిలిచింది, గుడ్డు అంచున చిన్న తెల్లమచ్చ మాత్రం మిగిలింది. ఆ వైపునుంచి లారీ వస్తే గుర్రం బెదిరేది కాబట్టి, ఆమె ఆ పక్కనే ముందుకు కూర్చుని దానితో మాట్లాడుతూ వచ్చేది. ఆ గుర్రం ముసలిదయ్యేదాకా అలాగే సాగింది.

ఇప్పుడు చేపలు ఐసుపెట్టెల్లో వ్యాన్లెక్కి వస్తున్నాయి. కాలవ గట్ల మీద పశువులు అలాగే మేస్తున్నాయి, సాయంత్రమైతే దోమలూ అలాగే ముసురుతున్నాయి, ఆ పురుగులూ ఉండే ఉంటాయి. దారి తప్పి చేరడానికి మా ఊళ్లో గుర్రాలే లేవు.