గుంత తవ్వకుండా నిలిచిన తెర

పుంగనూరు ఖాతూన్‌కు ‘ఇది అయ్యే పని కాదులే’ అని చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. చెప్పిన కొన్నాళ్లకే వాళ్లలో సగం మంది ఆమె చూపించిన చోట తాడు పట్టుకుని నిలబడ్డారు కూడా. నాటక కంపెనీలకు సీనరీలు అద్దెకిచ్చి, వెంట వెళ్లి కట్టి, ఆట అయ్యాక విప్పి తెచ్చుకోవడం ఆమె బతుకుతెరువు. రాజసభ, అడవి, అంతఃపురం. మూడూ ఆమె తండ్రి గుడ్డ మీద వేసినవి. ఆయన పోయాక రంగు వెలిసిన చోట ఆమే దిద్దింది, చిరిగిన చోట ఆమే కుట్టింది.

ఒకప్పుడు సీనరీ నిలబెట్టడం పెద్ద విద్యేం కాదు. ఊరి నడుమ మోకాటిలోతు గుంతలు తవ్వి, సరుగుడు కట్టెలు పాతి, పైన అడ్డకట్టె బిగించి తెర దించితే సరిపోయేది. ఇప్పుడు ఊరూరా సిమెంటు పోసేశారు. మంచిదే, కాళ్లకు బురద అంటదు. కానీ నాటకమాడే చోటంతా రాయై కూర్చుంటే కట్టె ఎక్కడ పాతాలి? “రోడ్డు పగలగొట్టేపనైతే మీ నాటకమూ వద్దు, మీరూ వద్దు” అని బైరెడ్డిపల్లె పక్కన ఒక ఊళ్లో మొహం మీదే చెప్పారు. కరెంటు స్తంభానికి ఒక కొస, ఎవరి మిద్దె కడ్డీకో ఇంకో కొస కట్టి ఆ రోజు గండం గట్టెక్కించింది. రాజసభ ఒక పక్కకు ఒరిగి వేలాడుతుంటే దుర్యోధనుడు కొండెక్కుతున్నట్టు కనిపించాడు.

ఆ దుర్యోధనుడే కంపెనీ యజమాని గోవిందస్వామి. చెడ్డవాడు కాదు, విసిగిపోయాడు.

“మంచి మాట చెప్తాండా, ఇనమ్మా. ఎల్‌ఈడీ తెర బాడుగకు దొరుకుతాండాది. మీట నొక్కితే సభ, మీట నొక్కితే అడవి” అన్నాడు.

“కరెంటు పోతే? సీకట్లో తొడ కొట్టుకుంటావా అన్నా?”

గోవిందస్వామి నవ్వాడు గానీ మాట మార్చలేదు. “పుంగనూరు కాడ ఒకటి, కుప్పం కాడ ఒకటి, రెండు ఆటలుండాయి. ఆ రెండూ సూస్తా. నీ తెర నిలిస్తే నువ్వే. పడితే ఎల్‌ఈడీ.”

ఆ కంపెనీ తప్పుకుంటే మిగతావీ దాని వెనకే పోతాయని ఖాతూన్‌కు తెలుసు. మర్నాడే మదనపల్లె బస్సెక్కింది. అక్కడ తమ్ముడు జిలాన్‌కు వెల్డింగ్ షాపు ఉంది. ఒకదానిలో ఒకటి దూరే పైపులు, కింద నాలుగు వైపులా పరుచుకునే కాళ్లు, విప్పితే చిన్న ట్రక్కులో పట్టేసే సామాను. అదీ ఆమె అడిగింది.

“చేస్తా ఆపా. కానీ బరువు లేకుంటే నిలబడదు. బరువు పెడితే బండిలో పట్టదు” అన్నాడు జిలాన్.

టమాటా క్రేట్లలో రాళ్లు నింపి చూశారు. ఎత్తగానే అడుగులు ఊడి రాళ్లు జిలాన్ కాళ్ల మీద పడ్డాయి. వాడు నోటికొచ్చినట్టు తిడుతుంటే ఖాతూన్‌కు ఒక ఉపాయం తట్టింది. బరువు మోసుకుపోవడమెందుకు? ఊళ్లో మనుషులు లేరా! రెండు పైపు స్తంభాల కాళ్ల మీదా చెరొక బల్ల వేస్తే సరి. ఒక దాని మీద హార్మోనియం, మృదంగం వాళ్లు, ఇంకో దాని మీద ఊరి పెద్దలు.

పుంగనూరు దగ్గరి ఊళ్లో పెద్దలు ఎగిరి గంతేశారు. రంగం పక్కనే బల్ల అంటే మర్యాదే మర్యాద. తెర గోడలా నిలిచింది. గోవిందస్వామి మీసం దువ్వుకుంటూ కనుసైగ కూడా చేశాడు. అంతా బాగుంది అనుకునేలోపు ద్రౌపది చేతులెత్తింది, కృష్ణుడు వచ్చాడు, కర్పూరం వెలిగింది. సాక్షాత్తూ పరమాత్ముడు వస్తే కూర్చుని చూసే పెద్దమనిషి మన సీమలో ఎవడున్నాడు? బల్ల మీద వాళ్లంతా చెంపలేసుకుంటూ ఒక్కసారిగా లేచారు. అప్పుడే వెనక నుంచి గాలి కొట్టింది. ఆ పక్క స్తంభం ముందుకు వంగింది, ఈ పక్కదాన్నీ లాక్కుంది. రాజసభ మొత్తం వచ్చి ద్రౌపదినీ దుశ్శాసనుడినీ దుర్యోధనుడినీ కప్పేసింది. “సామి ఎంత పెద్ద చీర ఇచ్చినాడప్పా!” అని ముందు వరసలో ఒక అవ్వ దండం పెట్టింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. దుర్యోధనుడి కిరీటం మాత్రం సొట్టపోయింది. దాన్ని చేత్తో పట్టుకునే వచ్చాడు గోవిందస్వామి.

“కుప్పానికి ఎల్‌ఈడీ చెప్పేస్తాండా.”

ఖాతూన్‌కు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ఏడుస్తూనే అంది: “రెండు ఆటలన్నావు. ఒకటే అయినాది. మాట మాటే అన్నా.”

ఇచ్చిన మాట కాబట్టి అతను కుప్పం ఆటకూ ఆమె తెరే ఒప్పుకున్నాడు.

కుప్పం పక్క ఊరికి పొద్దున్నే చేరుకున్నారు. కొండల నడుమ ఊరు, అక్కడ గాలికి అదుపు లేదు. బరువు కోసం ఖాతూన్ వీధులన్నీ తిరిగింది. తిరిగి తిరిగి కాళ్లు లాగుతున్నాయని, వెంట వచ్చిన గోవిందస్వామి వెంకటలక్ష్మమ్మ అనే పెద్దావిడ పెరట్లో రుబ్బురోలు మీద కూలబడ్డాడు.

“ల్యా! లెయ్యప్పా ఆణ్నించి! రోలు మీద కూసుంటారా యాడన్నా?” అని ఆవిడ చీపురెత్తింది.

ఖాతూన్ ఆ రోలు వంక చూసింది. పక్క పెరట్లో ఒకటి, ఎదురింట్లో ఒకటి. మిక్సీలొచ్చాక ఇంటింటా పని లేక పడున్న రాళ్లు. ఎవరూ కూర్చోరు, కాలు పెట్టరు, ఏ దేవుడొచ్చినా లేవవు.

“అమ్మా, నీ రోలు ఈ పూటకు ఇస్తావా?”

“మా అత్త రోలది. యాల నీకు?”

“కౌరవుల సభ నిలబెట్టల్ల. మీ అత్త రోలే నిలబెట్టల్ల.”

వెంకటలక్ష్మమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత నీళ్లు తెచ్చి రోలు కడిగింది, పసుపు రాసి బొట్టు పెట్టింది. అది చూసి పక్కింటావిడ తన రోలు కడిగింది. ఒకరిస్తే ఇంకొకరు ఊరుకుంటారా! మధ్యాహ్నానికల్లా స్తంభాల కాళ్ల మీద పెళ్లికూతుళ్లలా రోళ్లు వరసగా కూర్చున్నాయి.

ఆట మొదలైంది. ద్రౌపది చేతులెత్తింది, కృష్ణుడు వచ్చాడు, ఊరంతా లేచి నిలబడింది. గాలి విసిరికొట్టింది. తెర కడుపు ఉబ్బింది, పైపులు కిర్రుమన్నాయి. తెర వెనక ఖాతూన్ రెండు చేతులతో తాడు పట్టుకుని, కళ్లు మూసుకుని, అల్లాను తలుచుకుంది.

ఎవరో భుజం తట్టారు. వెంకటలక్ష్మమ్మ.

“యాల అట్ల యాలాడతాండావు? ఇడిసిపెట్టు. మా అత్త రోలు ఆడుండాది కదా.”

ఖాతూన్ ఒక చెయ్యి వదిలింది. స్తంభం కదల్లేదు. రెండో చెయ్యీ వదిలింది. అరచేతులు మండుతున్నాయి. వాటితో ఇప్పుడేం చెయ్యాలో తోచలేదు. మెల్లగా తెర పక్క నుంచి చుట్టూ తిరిగి జనంలోకి వచ్చింది.

ఇన్నేళ్లలో ఆట జరుగుతుండగా ఆమె ఎప్పుడూ ముందుకు రాలేదు. చిన్నప్పటి నుంచి ఆమె చూసిన సభ వెనక వైపుది, అతుకులూ ముడులూ తాళ్లూ. ఇప్పుడు లైట్ల వెలుగులో తండ్రి వేసిన స్తంభాలు నిజం స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. వాటి ముందు ఒక ఆడది తన మానం దక్కించుకుని తలెత్తుతోంది. ఖాతూన్ నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. హారతి అయిపోయి అందరూ కూర్చున్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

“ఓమ్మా, కూసో! ఎనకాలోళ్లకు కనపడల్యా!” అని ఎవరో కేకేశారు.

ఖాతూన్ కూర్చుంది.