చెరువు గట్టు మీద ఎమ్మెస్సీ

కరోనా మొదలైందని హాస్టల్ ఖాళీ చేయమన్నప్పుడు నేను ఎమ్మెస్సీ జువాలజీ మొదటి ఏడాదిలో ఉన్నాను. పదిహేను రోజులే కదా అని పుస్తకాలు హాస్టల్ బీరువాలోనే వదిలేసి, బట్టల సంచితో భీమవరం దగ్గరున్న మా ఊరొచ్చేశాను. ఏడాది దాటినా ఆ పుస్తకాల మొహం చూడలేదు.

ఇంట్లో సిగ్నల్ ఉండేది కాదు. డాబా ఎక్కితే ఒక గీత కనపడి, ఫోను చెవి దగ్గర పెట్టేలోపు పోయేది. ఊరి చివర బాబాయి రొయ్యల చెరువు గట్టు మీద మాత్రం బాగా వచ్చేది. అందుకని రోజూ తొమ్మిదింటికల్లా అక్కడి షెడ్డులో మేత బస్తాల మీద కూర్చునేదాన్ని. ఇంటికెళ్తే అమ్మ, "ముందు స్నానం చెయ్యి, రొయ్యల కంపు కొడుతున్నావు" అని గుమ్మంలోనే ఆపేసేది.

క్లాసులో మొదటి పావుగంట "వినపడుతోందా అమ్మా?" తోనే సరిపోయేది. కొందరు వినపడుతోందనేవారు, కొందరు లేదనేవారు. ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసేది. ఇంకెవరో మ్యూట్ చేయడం మర్చిపోయి తమ్ముణ్ణి తిడుతుండేవారు. హాజరు మాత్రం క్లాసు చివర్లోనే. ఆ నిమిషంలో నెట్ పోయిందంటే అంతసేపూ కూర్చున్నదంతా వృథా.

అన్నిటికంటే ఒళ్లు మండేది ప్రాక్టికల్స్‌కి. బ్యూరెట్ ముట్టుకోకుండానే ప్రయోగం చేసినట్టు రికార్డు రాసి, ఫొటోలు తీసి, పీడీఎఫ్ చేసి పంపాలి. మా సార్ పంపిన రీడింగులనే అందరం ఎక్కించేవాళ్లం. మళ్లీ, "కాపీ కొట్టినట్టుంది, సొంతంగా రాయండి" అని ఆయనే తిరగ్గొట్టేవారు.

ఒక ముసురు రోజు పొద్దున నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలవడం మీద క్లాసు. రెండు ద్రావణాలు కలిపితే గోధుమరంగు అవక్షేపం వస్తుందని సార్ స్లైడ్ చూసి చదువుతున్నారు. నేను రాసుకుంటున్నాను. ఇంతలో కరెంటు పోయింది. చెరువులో గాలి కొట్టే ఏరేటర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎప్పుడూ ఉండే ఆ హోరు ఆగేసరికి సార్ గొంతు మొదటిసారి స్పష్టంగా వినపడింది.

బాబాయి జనరేటర్ దగ్గరికి పరిగెత్తాడు. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. కాసేపటికి గట్టు వెంట రొయ్యలు గుంపులుగా పైకి తేలడం మొదలెట్టాయి.

"అమ్మడూ! నువ్వు ఎమ్మెస్సీ కదా, ఏం చేయమంటావే?" అని అరిచాడు బాబాయి.

నాకేం తెలుసు? చేతిలో ఫోను, ఫోనులో ఆక్సిజన్ పాఠం, ఎదురుగా ఆక్సిజన్ అందక కొట్టుకుంటున్న చెరువు. సిగ్గు పక్కనపెట్టి మైకు ఆన్ చేశాను.

"సార్, ఇక్కడ చెరువులో రొయ్య తేలిపోతోంది సార్. కరెంటు పోయింది. ఏం చేయాలి సార్?"

సార్ స్లైడ్ ఆపకుండానే, "అది యూనిట్ ఫోర్‌లో వస్తుందమ్మా. డౌట్స్ ఉంటే చివర్లో చాట్‌లో పెట్టండి" అన్నారు.

ఫోను బస్తా మీదకి విసిరేసి లేచాను. షెడ్డు మూల, నీళ్లలో వేస్తే ఆక్సిజన్ వదిలే బిళ్లల డబ్బా కనపడింది. బాబాయి ఒక గట్టు మీద, నేను ఇంకో గట్టు మీద పరిగెత్తుతూ చల్లాం. బురదలో రెండుసార్లు పడ్డాను. మా అరుపులు విని వచ్చిన పిన్ని పక్క చెరువు రైతు ఇంటికి పరిగెత్తింది. పాపం ఆయన మాస్కు కూడా పెట్టుకోకుండా తన జనరేటర్‌ని ట్రాక్టరుకి తగిలించి తెచ్చాడు. ఏరేటర్లు మళ్లీ తిరిగేసరికి మోకాళ్ల దాకా బురదతో బాబాయి, పిన్ని, నేను ముగ్గురం గట్టు మీద కూలబడ్డాం. ఒక మూల కొంత సరుకు చచ్చిపోయింది గానీ చెరువు దక్కింది.

ఫోను తీసి చూస్తే క్లాసు అయిపోయింది. నాకు ఆబ్సెంట్ వేశారు.

మధ్యాహ్నం సార్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "నెట్ ఇష్యూ అని లెటర్ రాసి, నాన్నగారి సంతకం పెట్టించి, స్కాన్ చేసి పంపమ్మా" అన్నారు.

"నెట్ బాగానే ఉంది సార్. చెరువు పోబోయింది" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

సార్ వెనకాల చిన్నపిల్ల ఏడుపు, "నాన్నా, నా క్లాసు టైం, ఫోనివ్వు" అని ఇంకో గొంతు.

"చెరువు నిలబడిందా అమ్మా?" అని అడిగారు సార్ మెల్లగా. "నిజం చెప్పాలంటే నేనెప్పుడూ రొయ్యల చెరువు గట్టు ఎక్కలేదమ్మా. నువ్వడిగినదానికి ఆ టైంలో నాకు సమాధానం తట్టలేదు."

దాంతో నాకు పూర్తిగా కోపం పోయిందని చెప్పను. ఆ లెటర్ రాయాల్సే వచ్చింది, అందులో నెట్ ఇష్యూ అనే రాయాల్సి వచ్చింది. కానీ మర్నాడు క్లాసు మొదలవగానే సార్ స్లైడ్లు తెరవలేదు. "నిన్న మీ చెరువులో ఏం జరిగిందో అందరికీ చెప్పమ్మా" అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. సగంలో నెట్ పోయింది.