ముల్లు లేవని గేజి

పెళ్లిలో కరెంటు పోవడం, పప్పు మాడడం మీరు చూసే ఉంటారు. పెళ్లికొడుక్కే పొగబెట్టిన బావను మాత్రం చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. జరిగింది చెబుతాను, నవ్వుకోండి. మా అత్తగారి ఊళ్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నేను నిజామాబాద్‌లో ఒక కార్ల సర్వీసు సెంటర్లో పనిచేసేవాణ్ణి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వచ్చినవాళ్లను "ఆయిల్ లైటు వెలిగిందా సార్?" అని అడగడం నా ఉద్యోగం. స్పానరు పట్టుకునేవాళ్లు వేరే ఉండేవారు. అత్తగారింట్లో మాత్రం నన్ను పెద్ద ఇంజనీరు కింద జమకట్టారు. నేనూ కాదనలేదు.

మామగారు బోధన్ దగ్గర చెరుకు రైతు. వాళ్ల నాన్న కొన్న పాతకాలపు కారు ఒకటి ఆయన కొట్టంలో ఉండేది. దాన్ని ముద్దుగా పెంచుకున్న ఎద్దులా చూసుకునేవారు. కొడుకు రాజేందర్ తన పెళ్లిలో, ఆడపెళ్లివాళ్లు ఎదురొచ్చే ఎదుర్కోళ్లకు, తాత కారులోనే దిగాలన్నది ఆయన కోరిక. అందుకోసం ఏడాది నుంచి దానికి మెరుగులు పెడుతున్నారు. పెళ్లి ముందురోజు చుట్టాలను తేవడానికి నవీపేట్ వెళ్తూ తాళం నా చేతిలో పెట్టారు.

"అల్లుడా, మంచిగ తుడిసి పెట్టు. లోపట ఏం ముట్టకు. గది మా బాపు బండి."

ముట్టకు అన్న మాట ఇంజన్ల సంగతి తెలియనివాళ్లకు గానీ నాకెందుకు వర్తిస్తుంది? ఆయన బస్సెక్కేలోపే బానెట్ ఎత్తాను. తర్వాత స్టీరింగు ముందున్న పలకంతా వెతికాను. ఆయిల్ లైటు లేదు, కనీసం గేజి అయినా లేదు! అసలు ఆయిల్ అందుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు తెలిసిన సంగతి మీకు ముందే చెప్పేస్తాను. ఇంజన్లకు ఆయిల్ అందించే తీరు కాలంతో పాటు మారుతూ వచ్చింది. ఇలాంటి పాత ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ల అడుగున చిన్న ఇనుప గరిటెలు ఉండేవి. అవి తిరిగినప్పుడల్లా కింద తొట్టిలోని ఆయిల్‌ను తోడి అన్నివైపులా చిమ్మేవి. అంతే వ్యవహారం. తర్వాత పంపు వచ్చి సన్నటి దారుల్లో ఆయిల్‌ను నెట్టడం మొదలుపెట్టింది. ఆ పంపు సరిగ్గా నెడుతోందో లేదో చూడడానికి గేజి, మురికి పట్టడానికి ఫిల్టరు వచ్చాయి. చివరికి చాలా బళ్లలో గేజి పోయి ఎర్ర లైటు మిగిలింది. నా జ్ఞానం ఆ ఎర్ర లైటు దగ్గర మొదలై అక్కడే ముగిసేది.

బోధన్ వెళ్లి గేజి కొనుక్కొచ్చాను. ఇంజను పక్కన మర బిగించిన రంధ్రం ఒకటి కనిపిస్తే, మర విప్పి దానికి పైపు తగిలించాను. నా భార్య స్వరూప గుమ్మంలోంచి అంది, "బాపు ముట్టొద్దన్నడు గదా."

"మీ బాపుకు ఇంజన్ల సంగతి ఏం తెలుసు?" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

బండి స్టార్ట్ చేశాను. గేజి ముల్లు సున్నా మీద పడుకుంది. ఆయిల్ తక్కువైందన్నమాట. పోశాను. ముల్లు లేవలేదు. ఇంకా పోశాను. గాఢ నిద్ర. డబ్బా ఖాళీ అయ్యేదాకా పోసి, గేజి పాడైందని తేల్చేశాను. ఇంజను పక్కన ఒకదాని కింద ఒకటి రెండు చిన్న కుళాయిలున్నాయి. నీళ్లు వదలడానికై ఉంటాయనుకుని వాటిని తళతళా మెరిసేలా తుడిచాను.

మర్నాడు పొద్దున పూలదండలతో బండి కదిలింది. స్టీరింగు నాది, పక్కన మామగారు, వెనక రాజేందర్. నిజాంసాగర్ కాలువ దాటేదాకా సన్నటి పొగే. బోధన్‌లో బ్యాండువాళ్లు ముందు చేరి మేం నెమ్మదించగానే నీలం పొగ కమ్ముకుంది. దోమల మందు కొడుతున్నారనుకుని జనం తలుపులు వేసుకున్నారు. బాకా ఊదేవాడు బాకా వదిలేసి దగ్గుతున్నాడు. కారు నేల చెక్కల సందుల్లోంచి పొగ లోపలికి వచ్చి రాజేందర్ కళ్లు ధారలు కట్టాయి.

"గీ పిలగాడు పెండ్లికి గింత ఏడుస్తున్నడేంది?" అని రోడ్డు పక్కన ఒక అవ్వ అడగడం నాకు స్పష్టంగా వినిపించింది.

ఫంక్షన్ హాలు కనబడుతుండగా ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. మామగారు దిగి బానెట్ ఎత్తి, పై కుళాయి తిప్పారు. ఆయిల్ బోరు నీళ్లలా దుమికింది.

"మీది కుళాయిల కెళ్లి ఆయిల్ రావద్దు, కిందిదాంట్ల కెళ్లి రావాలె. గంతే లెక్క," అన్నారు నిదానంగా. తర్వాత గేజి చూశారు. "పంపే లేని ఇంజనుకు ముల్లు యాడికెళ్లి లేస్తది అల్లుడా?"

అరిచినా బాగుండేది. తండ్రి బండి పెళ్లివాళ్ల ముందు అలా నిలబడిపోతే, ఆయన కండువాతో దాని మీది ఆయిల్ మరకలు తుడవడం మొదలుపెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను.

రాజేందర్ నడిచిపోతానన్నాడు. మామగారు ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీకి వెళ్తున్న చెరుకు ట్రాక్టరును ఆపి కారుకు తాడు కట్టించారు. ముందు చెరుకు లోడు, వెనక తాత కారు, అందులో కళ్లు తుడుచుకుంటున్న పెళ్లికొడుకు. ఆడపెళ్లివాళ్లు ఇదేదో మా ఆచారమనుకుని ట్రాక్టరుకు కూడా బొట్టు పెట్టి, డ్రైవరుకు షర్బత్ ఇచ్చారు.

మామగారు తర్వాత ఆయిల్ తీసేసి, ప్లగ్గులు కడిగి బండిని బాగుచేశారు. ముల్లు సున్నా మీద పడుకున్న ఆ గేజిని మాత్రం పీకలేదు. చూడవచ్చినవాళ్లు అదేంటని అడిగితే ఎంతో గౌరవంగా చెబుతారు:

"అది ఇంజనుది గాదు. మా అల్లుని తెలివి సూపిస్తది. ఇప్పటిదాంక తప్పు సూపియ్యలే."

అందుకే ఆ రెండు కుళాయిల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నాకంటే ముందు పుట్టిన ఏ ఇంజనుకూ ఈ జన్మలో వైద్యం చేయను. తుడవమంటే తుడుస్తాను. అదీ మామగారు పక్కనుంటేనే.