ఆక్సిలేటర్ చివరిదాకా తొక్కించాను

రాయచూరులో బండ్లకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష జరిగే మైదానంలో పొగ కొలిచే పని నాది. నేను చేరిన కొత్తలో అది చిటికెలో అయిపోయేది. డ్రైవరు ఇంజను ఆన్ చేసి ఊరికే కూర్చునేవాడు. మేం సైలెన్సర్‌లో మీటరు గొట్టం పెట్టి, వచ్చిన అంకె రాసుకునేవాళ్లం. అన్నీ పాసయ్యేవి. పాసైన బండ్లే గేటు దాటి వేగం అందుకోగానే నల్లటి పొగ కక్కేవి. నేను తలెత్తుకోలేకపోయేదాన్ని.

ఒకరోజు మీటరుతో వచ్చిన పుస్తకం తిరగేశాను. డీజిల్ బండికి ఆక్సిలేటర్ ఒక్కసారిగా చివరిదాకా తొక్కించి, అలా కొన్నిసార్లు కొలవాలని అందులో ఉంది. ఇకనుంచి అలాగే చేస్తానని ఇన్‌స్పెక్టరుగారితో అన్నాను.

"గలాటా అయితదమ్మా," అన్నాడాయన. మళ్లీ తనే, "చెయ్యి. నేను పక్కన్నే ఉంటా," అన్నాడు.

మర్నాడు మొదట వచ్చింది మల్లట్ ఊరి వైపు తిరిగే స్కూలు బస్సు. డ్రైవరు చేత తొక్కించాను. గుప్పుమని మసి. మీటరు అంకె హద్దు దాటింది. ఫెయిల్ అని రాశాను.

"ఏందక్కా గిట్ల జేస్తివి? పోయినేడు పాసైంది గద!" అని అతను మీదికొచ్చాడు.

"పోయినేడు తొక్కియ్యలే అన్నా. తప్పు మాదే. నువ్వు పోయి బస్సు ఎనక నిలబడు, నేను తొక్కుత."

నేను సీటెక్కి తొక్కాను. అతను దగ్గుతూ ముందుకొచ్చాడు. కోపం దిగిపోయింది.

"ఎనక కిటికీలు తెరిచే ఉంటయక్కా. పోరగాండ్లు దీన్నే పీలుస్తుండ్రా?"

అటునుంచి అటే మెకానిక్ దగ్గరికి పోయాడు. ఎయిర్ ఫిల్టర్ నిండా దుమ్ము, పత్తి నూగు గడ్డకట్టి ఉన్నాయట. దాన్ని మార్పించి, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు బాగుచేయించి నాలుగో రోజున తిరిగొచ్చాడు. వరసలో ఉన్న లారీల డ్రైవర్లంతా చుట్టూ మూగారు. నేను గొట్టం పెట్టి తొక్కమన్నాను. అతను చివరిదాకా తొక్కాడు. మళ్లీ తొక్కాడు. మళ్లీ. ప్రతిసారీ అంకె హద్దుకు ఎంతో కిందే ఆగింది.

"పాస్!" అని అరిచాను. ఆ మైదానంలో నేను అరవడం అదే మొదలు.

అతను కిందికి దూకి, "సారూ, వచ్చి నా బండెనక నిలబడి సూడుండ్రి!" అన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు నిజంగానే పోయి నిలబడ్డాడు. ముక్కు మూసుకోలేదు.

"ఇగ అందరికీ ఇదే పరీక్ష," అని వరసకేసి చూసి గట్టిగా చెప్పాడు.

దేవదుర్గ నుంచి వచ్చిన లారీ ఒకటి అప్పటికప్పుడు వరసలోంచి బయటికి తిరిగింది. దాని వెనకే ఇంకో రెండు. ముగ్గురు డ్రైవర్లూ మెకానిక్ షెడ్డు దారి పట్టారు.