నాతవరం రోడ్డు మీద ఆగిపోయిన కారు

మా ఆయన ముచ్చటపడి కొనుక్కున్న పాత స్పోర్ట్స్ కారుకి ఇవాళ నర్సీపట్నంలో కొత్త కార్బ్యురేటర్లు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బిగించారు. "ఇంక పాయింట్లు గీకే పనే లేదండీ" అంటూ మెకానిక్ ఇంజనుకి నిప్పురవ్వ అందించే ఆ పాత ముక్కలు తీసి నా చేతిలో పెట్టాడు. ఆ షెడ్డులో పెట్రోలు వాసన నన్ను చిన్నప్పటికి లాక్కుపోయింది.

మన ఈడు వాళ్లకి గుర్తుందా, చోక్ లాగితే గాని స్టార్టవని కార్లు? మా నాన్నకి అలాంటిదే ఉండేది. నేను నాలుగో తరగతిలో ఉండగా జీడితోటలో ఆయన్ని పాము కరిచింది. అమ్మనీ నన్నూ ఎక్కించుకుని తనే ఆసుపత్రికి బయల్దేరారు. దారిలో ఇంజను ఆగిపోయింది. రోడ్డు మీద ఇంకో బండి లేదు. నాన్న కళ్లు మూతలు పడుతున్నాయి.

"బానెట్ ఎత్తి, వైర్లన్నీ కలిసే ఆ డిస్ట్రిబ్యూటర్ మూత తియ్యి. లోపల పాయింట్లు మసిబారుంటాయి, గీకు," అన్నారు ముద్దమాటలతో.

"దేంతో గీకీదండీ?" అంది అమ్మ, మూత ఊడదీసి.

"జేబులో అగ్గిపెట్టుంది. దాని గరుకు పక్కతో."

అమ్మ గీకింది. తాళం తిప్పితే ఇంజను అందుకుంది, కానీ నాన్న కాళ్లు ఆడలేదు. ఎన్నడూ స్టీరింగు ముట్టని అమ్మ ఆయన్ని పక్కకి జరిపి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆమె చేత క్లచ్ తొక్కించి, నాన్న తన చేత్తోనే ఫస్ట్ గేరు వేశారు.

"నాన్నని నిద్రపోనీకే, మాటాడించు!" అని అమ్మ అరిచింది. నేను ఏడుస్తూ ఆయన చెంపలు తడుతూనే ఉన్నాను. ఆసుపత్రి దాకా ఇంజను గుక్కపట్టినట్టు అరుస్తూనే ఉంది.

ఇంజెక్షన్లు పనిచేశాయి. మర్నాడు నాన్న కళ్లు తెరిచారు.

"ఇంజను అంతలా అరుస్తుంటే గేరు మార్చలేదేటే?"

"మార్చాలని మీరు సెప్పలేదు కదండీ," అంది అమ్మ, అప్పుడు మొదటిసారి ఏడుస్తూ.