రెండో గరిటె

ఆ వీధిలో ఎవరినడిగినా గుండిగ బాబాయి ఇల్లు చూపిస్తారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంది, కానీ దాన్ని చదివేదెవరు? నూలు మిల్లు క్యాంటీన్లో ముప్పై ఒక్క ఏళ్ళు, రోజూ నాలుగు వందల మందికి వండి పెట్టిన మనిషి. మనిషి లోపలికి దిగి తోమాల్సినంత గుండిగల్లో వండాడు. అందుకే ఆ పేరు.

ఆయన చేతి వంటల్లో బఠానీ సూపుది పెద్దపీట. ఎండు బఠానీలు, ఉల్లిపాయలు, క్యారెట్లు, మిరియాలు, అంతే సరుకు. మిల్లులో మనిషికి రెండు గరిటెలని రూలు. మొదటిది ఎవరి షెడ్డులో వాళ్ళకి పోసేవాళ్ళు. రెండోది కావాలంటే ఆవరణ దాటి వంటింటి కిటికీ దగ్గరకు రావాలి. నూలు కండెలు చుట్టే విభాగం నుంచి ఒకమ్మాయి రోజూ వచ్చేది. పళ్ళెం చాచి, "రెండో గరిటె" అనేది. అంతే, ఇంకో మాట ఉండేది కాదు.

అప్పట్లో బాబాయి మీసం చూడాల్సిందే! దానికి దువ్వెన వేరు, అద్దం వేరు. "అంత ఎండలో సూపు కోసం ఎవరొస్తారయ్యా? మనకోసమే!" అని తేల్చేసుకున్నాడు. మూడు నెలలు తిరక్కుండానే ఆ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ ఈ కథ చెప్పి, చివర్లో మీసం ఒకసారి మెలేస్తాడు. అక్కడే ఉంటే మరదలు ఊరుకోదు. "అప్పటికింకా మా అక్కకి కళ్ళజోడు రాలేదులే బావా" అంటుంది.

ఇక ఆయనకున్న వింత సంగతి ఒకటి చెప్పాలి. తను వండింది తను తినడు. పొద్దుటి నుంచీ ఆ ఆవిరిలో నిలబడ్డవాడికి ముక్కు నిండితే కడుపూ నిండినట్టే. ఉప్పు కూడా నాలుక మీద వేసుకుని చూసేవాడు కాదు, నురగ వాసన చూసి చెప్పేసేవాడు. మధ్యాహ్నం అందరూ సూపు జుర్రుకుంటుంటే ఆయన మూలన కూర్చుని పాలల్లో రొట్టె ముంచుకు తినేవాడు. ఇంట్లోనా? "మిల్లులో దింపిన గరిటె ఇంట్లో పట్టను" అని కాపురం పెట్టిన మొదటిరోజే ఒట్టు పెట్టుకున్నాడు. వాళ్ళావిడా పట్టమనలేదు. నాలుగేళ్ళ కింద క్యాంటీన్ మూతపడింది, ఆ సూపూ దాంతోపాటే పోయింది.

ఈ ఏడు ఆవిడకి జ్వరం వచ్చి ఇరవై రోజులు మంచం దిగనివ్వలేదు. జ్వరమైతే పోయింది గానీ నోటి రుచిని కూడా పట్టుకుపోయింది. ఏం పెట్టినా "గడ్డిలా ఉందండీ" అంటుంది. డాక్టరమ్మ బరువు చూసి పెదవి విరిచింది. "నెలలోగా తిండి పుంజుకోకపోతే ఆసుపత్రిలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వెయ్యాలి" అంది. బాబాయి ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏం తినాలనుందో చెప్పవే. ఏదైనా సరే."

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "మిల్లు సూపు."

"ఓస్, అదెంత పని!" అని లేచాడు. ఒట్టు సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

అదెంత పనో అప్పుడు తెలిసింది. ఆయన చేతికి పిడికిలి లెక్కే గానీ చిటికె లెక్క తెలియదు. ఎంత తగ్గించి వేసినా నలభై మందికి సరిపడా సూపు తయారైంది. వీధి వీధంతా రెండు రోజులు అదే తిన్నారు, ఉత్తరాలిచ్చే ఆయన కూడా గిన్నెడు తాగి వెళ్ళాడు. ఆవిడ మాత్రం రెండు చెంచాలు తిని, "బానే ఉంది. కానీ ఇది కాదండీ" అంది.

వీధి చివర వంట సామాన్ల షాపుంది. నడిపేది ఒకావిడ. ప్రతి డబ్బానీ పసిపిల్లని తుడిచినట్టు తుడిచి చూపిస్తుంది. "మీ చేతికి కొలత కావాలి బాబాయ్ గారూ" అని చిన్న కాటా ఇచ్చింది. గ్రాముల్లో చూపిస్తుంది. నాలుగు వందల మంది సరుకుని ఇద్దరికి భాగించి, బఠానీలు గింజ అటూ ఇటూ కాకుండా తూచాడు. ఉప్పు కుదిరింది. ఇంటావిడ మూడు చెంచాలు తింది. "ఇది కాదండీ."

బహుశా మెత్తదనం చాలలేదేమో అని గిన్నెలోనే నిలబెట్టి తిప్పే చేతి మిక్సీ తెచ్చాడు. దాంతో సూపు పసిపిల్లలకి పెట్టే జావ అయిపోయింది. ఆ తర్వాత పదకొండు మీటల కరెంటు కుక్కరు వచ్చింది. అది పని అయిపోయాక కూత పెడితే బాబాయి ఉలిక్కిపడి, "ఆఁ, వస్తున్నా!" అన్నాడు. మూత తీస్తే బఠానీ అన్న ఆనవాలే లేదు, అంతా ముద్ద. "ఇది కాదండీ."

మరదలు వచ్చి వంటగట్టు చూసి ముక్కున వేలేసుకుంది. "అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్నట్టుంది బావా మీ వ్యవహారం! ఇన్ని పెట్టుకుని ఒక్క సూపు రాలేదా?"

"ముప్పై ఒక్క ఏళ్ళు వండానే!"

"వండారు. తిన్నారా? ఎలా ఉండాలో తెలియకుండా ఎలా వండుతారు?"

ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. నిజమే కదా. నాలుగు వందల మందికీ తెలిసిన రుచి తనొక్కడికే తెలియదు.

మర్నాడు పొద్దున ఆవిడ మొహం కడుక్కుంటుంటే చేతిగాజు తనంతట తనే జారి తొట్లో పడింది. ఆవిడ నవ్వేసి తీసుకుంది. బాబాయికి మాత్రం నవ్వు రాలేదు. డాక్టరమ్మ ఇచ్చిన నెలలో మిగిలింది తొమ్మిది రోజులు. చెప్పులు వేసుకుని షాపుకి పరిగెత్తినంత పని చేశాడు.

"అమ్మాయ్, ఇంకేం ఉన్నాయో అన్నీ చూపించు."

షాపావిడ ఏమీ తియ్యలేదు. గుడ్డ పక్కన పెట్టి స్టూలు జరిపింది. "ముందు కూర్చోండి. మిల్లులో ఎన్నింటికి ఎక్కించేవారు?"

"తొమ్మిదింటికి. పదిన్నరకి దించేసేవాణ్ణి. అన్నానికి అదే పొయ్యి కావాలి కదా."

"తినేది?"

"సైరన్ మోగాక. పన్నెండున్నరకి."

"మధ్యలో రెండు గంటలు ఆ సూపు ఏం చేసేది?"

"ఏం చేస్తుంది? డ్రమ్ముల్లో పోసి మూత బిగించి, చల్లారకుండా నూలు చెత్త కుక్కిన చెక్కపెట్టెల్లో పెట్టేవాళ్ళం. ఊరికే కూర్చు..."

మాట మధ్యలోనే స్టూలు మీంచి లేచాడు. మంట ఆపితే వంట అయిపోయిందనే ఆయన లెక్క. ఆ తర్వాతది ఆయన దృష్టిలో వంటే కాదు. మూతల కింద, ఆ నూలు వెచ్చదనంలో, బఠానీలు చితక్కుండా మెత్తబడుతూనే ఉన్నాయని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తట్టలేదు. ఇంట్లోనేమో పొయ్యి మీంచి దించడం, పొగలు కక్కుతుండగా మంచం దగ్గరకు పరిగెత్తడం!

"వేడి నిలిపే డబ్బా ఉంది, ఇవ్వనా?" అంది షాపావిడ ఆశగా.

"వద్దమ్మా. మా ఇంట్లో దిండ్లున్నాయి."

"దిండ్లా?"

అప్పటికే ఆయన వీధిలో ఉన్నాడు. మిల్లులో తెగిపోయిన నూలుపోగులు పనివాళ్ళకి ఊరికే ఇచ్చేవాళ్ళు. ఆ ఇంట్లో దిండ్లన్నీ వాటితో ఆవిడ కుట్టినవే. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ నూలు మీదే తల పెట్టుకుని పడుకుంటూ ఊళ్ళో సామానంతా కొన్నాడన్నమాట!

కాటాలో తూచాడు, తొమ్మిదింటికి ఎక్కించాడు, పదిన్నరకి దించాడు. గిన్నెకి మూత బిగించి, పదకొండు మీటల కుక్కరు వచ్చిన అట్టపెట్టెలో దిండ్ల మధ్య కూర్చోబెట్టాడు. ఎదురుగా పీట వేసుకుని తనూ కూర్చున్నాడు. వండేవాడికి ఎదురుచూడ్డం ఎంత నరకమో! పదకొండింటికి ఒకసారి చెయ్యి మూత మీదకి వెళ్ళింది.

"ముట్టుకోకండి!" అంది మంచం మీంచి ఆవిడ. "సైరన్ మోగలేదు."

చాలా రోజుల తర్వాత ఆ గొంతులో కాస్త హుషారు వినిపించింది. పన్నెండున్నరకి ఆవిడే గోడ పట్టుకుని నడిచి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. బాబాయి మూత తీశాడు. ఆవిరి మొహానికి కొట్టగానే ఆవిడ కళ్ళు మూసుకుంది. గరిటెడు పోశాడు. ఒక చెంచా తింది. రెండు, మూడు, నాలుగు... పళ్ళెం వంచి చివరి చుక్క కూడా లాగించింది. తర్వాత ఆ పళ్ళేన్ని చేతులు చాచి ముందుకు పెట్టింది.

"రెండో గరిటె."

బాబాయి పోశాడు. కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరిగాడు.

"ఏడుపు తర్వాత. ముందు మీరూ తినండి" అని తన చెంచా ఆయన నోటికి అందించింది.

తిన్నాడు. బఠానీ గింజ గింజలాగే ఉంది, నాలుక మీద పెట్టగానే కరిగిపోయింది. ఉల్లిపాయ తియ్యదనం, వెనక మిరియం.

"ఇంత బాగుండేదా? ఒక్కళ్ళూ చెప్పలేదేమే నాకు?"

"ఎవరు చెప్పలేదు? ఎండలో పడి రోజూ రెండో గరిటెకి వచ్చాను. ఎందుకొచ్చాననుకున్నారు?"

బాబాయి చెయ్యి దానంతట అదే మీసం మీదకి వెళ్ళింది, సగం దారిలో ఆగిపోయింది.

ఆవిడ ఆయన్ని చూసింది, ఆ చేతిని చూసింది. చూసి పక్కున నవ్వింది. "అయ్యో రామా! ఇన్నాళ్ళూ నిజంగానే మీ మీసం కోసం అనుకున్నారా?" నవ్వి నవ్వి ఆయాసం వచ్చి, బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది.

బాబాయి మొహం చిన్నబుచ్చుకుని గరిటె గిన్నెలో పడేశాడు. ఆవిడ రెండో గరిటె కూడా ఖాళీ చేసి, పళ్ళెం మళ్ళీ ముందుకు జరిపింది.

"మిల్లులో రెండేగా రూలు" అన్నాడు ఆయన ముభావంగా.

"అవును. ఆ రెండూ సూపు కోసం" అంది ఆవిడ. "పోయండి. ఈ మూడోది మీకోసం."